బూడిద దిబ్బలు, నల్లరాతి గొడ్డళ్లు

బళ్లారినుండి హోసపేటకు పోవు బాటలో, కుడితిని సమీపమున, చుట్టుపట్లనున్న ఎఱ్ఱనేలలతో గాని, రేగడి చేలతో గాని, దూరమున గుట్టలుగుట్టలుగా పడియున్న గ్రానైటు బండలతో గాని యే పొత్తును లేని దిబ్బ యొకటి బూడిదవన్నెతో నిలిచియున్నది. వాననీటికి కోసికొనిపోయిన దాని పార్శ్వమును దగ్గఱనుండి పరికించినచో, మెత్తని తెల్లని బూడిదయు, దాని నడుమ పొరలు పొరలుగా బిగిసిపోయిన చిట్టెమును, అచ్చటచ్చట చేతితో చేసిన కుండల పెంకులును, పశువుల యెముకల తునకలును కానవచ్చును. ఇట్టి దిబ్బలు కృష్ణా తుంగభద్రల నడుమ దేశమందును, దాని కిరుప్రక్కలను, అనగా బళ్లారి, రాయచూరు, గుల్బర్గా, మహబూబ్‌నగర్, అనంతపురము, కర్నూలు సీమలలో, నూఱుకు పైగా గుర్తింపబడినవి. వానిలో కొన్ని మనిషి నిలువెత్తునకు మించవు. కొన్ని పది మీటర్ల యెత్తునకు చేరువగును. ఈజిప్టు పిరమిడ్లను గూర్చియు, ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ శిలాస్తంభములను గూర్చియు మన పిల్లలు పాఠశాలలోనే విందురు. వానితో వయస్సున పోటీపడగల యీ దిబ్బల పేరైనను వినని తెలుగు చదువరులు పెక్కుమంది యుందురు. బూడిదను చూచుటకు యాత్ర చేయువా డెవ్వడు?

గ్రామీణులు మాత్రము వీనిని నిర్లక్ష్యము చేయలేదు. కప్పగల్లు దిబ్బ భీమసేనుని చేత చచ్చిన హిడింబాసురుడు కాలిన బూడిద యని బళ్లారి ప్రాంతమున చెప్పుకొనుట 19వ శతాబ్దమునాటికే పరిశీలకుల చెవిని పడినది. ఈ కథను విని నవ్వుటకు ముందు, దాని తరువాత విద్వాంసులు చెప్పిన కథలను కూడ వినవలసియున్నది. 1843లో మద్రాసు సైన్యమునకు చెందిన న్యూబోల్డ్ అను కాప్టెను, తాను పరిశీలించిన దిబ్బలను గూర్చి లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్రాసిన నాటినుండి దాదాపు నూటపదునైదేండ్ల వఱకు, ఇవి యగ్నిపర్వతము కక్కిన బూడిదయని యొకరు, సున్నపు బట్టీల శేషమని యొకరు, ఇనుము కరగించిన కొలుముల చిట్టెమని వేఱొకరు, యుద్ధమున కూలిన వేలకొలది జనులను దహించిన చితాభస్మమని మఱియొకరు, తోచినట్లెల్ల చెప్పుచు వచ్చిరి. రాక్షసుని కథకును వీరి యూహలకును నడుమ నున్న భేద మంతగా లేదు. అచ్చట గొప్ప మంట మండినదని అందఱును ఒప్పుకొన్నవారే; మండిన దేమి యన్నదే తేలలేదు.

ఇట్టి వివాదములను తీర్చుటకు వాదపటిమ చాలదు. వస్తువునే సాక్షిగా నిలువబెట్టవలయును. అగ్నిపర్వత భస్మమైనచో అది గాలికి కొట్టుకొనిపోయి దేశమంతటను పలుచని పొరగా పఱచుకొనవలసినదే గాని, ఊరికొక దిబ్బగా, ఒక్కొక్క గుట్ట మొదట, నీటివాగుల దరిని మాత్రమే కూడుకొనదు. పైగా ఆ సీమలో మనిషి పుట్టిన తరువాత మండిన యగ్నిపర్వతమే లేదు. ఇనుప చిట్టెమైనచో చేతికి బరువుగా నుండి, ఇనుము శేషించి తుప్పువన్నె చూపును. ఈ చిట్టెము తేలికగా నుండి, విఱిచి చూచిన లోన బుడగల ఖాళీలతో నిండియుండును. చితాభస్మమైనచో మానవాస్థులు కుప్పలుగా దొరకవలెను. దొరకిన యెముకలు చాలవఱకు ఆవులవి, ఎద్దులవి, కొన్ని గొఱ్ఱెలవి, మేకలవి. ఇట్లొక్కొక్క యూహయు తనంత తాను తొలగిపోగా, మిగిలినది పశువుల దొడ్డి.

ఆ మాటను స్పష్టముగా మొదట పలికిన గౌరవము రాబర్ట్ బ్రూస్ ఫుట్‌నకు చెందవలయును. భారత భూగర్భ పరిశోధనశాఖలో ఉద్యోగిగా నుండి, 1863 మే 30వ తేదీన మద్రాసు సమీపమున పల్లావరములో పాతరాతియుగపు పనిముట్టును కనుగొని, మన దేశపు పూర్వచరిత్ర పరిశోధనమునకే నాంది పలికిన యీ యాంగ్లేయుడు, రాళ్లకొఱకు తిరుగుచు తిరుగుచు బళ్లారి సీమలో బూడిద దిబ్బలను చూచి, ఆఫ్రికాలో పశుపాలకులు ముండ్లకంపతో కట్టు దొడ్లను జ్ఞప్తికి తెచ్చుకొని, వీనిలోని బూడిద దొడ్లలో తరతరములుగా పేరుకొన్న పేడ కాలగా మిగిలినదే యని తలచెను. వృత్తిచేత రాళ్లను చదువుటకు అలవాటుపడిన కన్ను పేడను గుర్తుపట్టుట వింతయే. అయినను అది తలంపే గాని నిరూపణము కాదు. ఆ నిరూపణము 1950 దశాబ్దము చివరను, లండను పురాతత్త్వ సంస్థలో పనిచేయుచుండిన జాయ్‌నర్ అను పండితుడు బళ్లారి బూడిదను సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించిన పిమ్మట లభించినది.

జాయ్‌నర్‌నకు ఆ బూడిదలో కనిపించినవి గడ్డి కణముల అచ్చులు. ఇది యెట్లు సాధ్యమైనదో కొంత వివరింపవలసియున్నది. నేలలోని ఇసుకకు మూలమైన సిలికా, నీటిలో అతిస్వల్ప పరిమాణమున కరగి, మొక్కల వేళ్లద్వారా పైకెక్కును. పెక్కు మొక్కలకు దానితో పనిలేదు. గడ్డిజాతి మాత్రము దానిని ఆకులలోను, కాడలలోను, పొట్టులోను కణముల గోడలకు పట్టించి, కణముల గర్భములలో నింపి, కంటికి కానరాని రాతిముక్కలుగా గడ్డకట్టించుకొనును. వరి యాకుతో వేలు తెగుటకును, ఊకను కాల్చిన బూడిదతో పండ్లు తోముకొన్న మెఱుగెక్కుటకును ఈ సిలికాయే కారణము. పశువు గడ్డిని నమలి, నెమరువేసి, నాలుగు గదుల పొట్టలో పులియబెట్టి, తనకు వలసిన పోషకములను పీల్చుకొన్నను ఈ రాతిముక్కల నేమియు చేయజాలదు. అవి పేడతో వెలుపలికి వచ్చును. పేడ యెండును, కుళ్లును, కాలును, అందలి సేంద్రియ పదార్థమంతయు గాలిలో కలిసిపోవును, సిలికా మిగులును. నడుమ సన్నగిలి రెండు కొనలను ఉబ్బినవి కొన్ని, అంచులు అలలుదేఱినవి కొన్ని, పలకలుగా నున్నవి కొన్ని, ఇట్లు ఒక్కొక్క గడ్డిజాతి యొక్కొక్క ఆకారపు అచ్చును విడిచిపోవును గనుక, నాలుగువేల యేండ్ల క్రిందట ఒక ఆవు మేసిన మేత యెట్టిదో నేడు చెప్పుటకు వీలగుచున్నది. అగ్నిపర్వతము గడ్డి మేయదు. వాద మంతటితో ముగిసినది.

ఇక చిట్టెము మాట. మామూలు పిడకల మంట పొయ్యిలో బూడిదనే మిగుల్చును గాని గాజును కాదు. ఏ తెలుగింటి వంటశాలయు అందుకు సాక్ష్యమీయగలదు. స్వచ్ఛమైన సిలికా కరగవలెనన్న 1,700 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి కావలెను. కట్టెలకును పేడకును అంత శక్తి యెక్కడిది? కాని పేడబూడిదలో సిలికా యొంటరిగా లేదు. గడ్డిలోనుండియే వచ్చిన పొటాషును, సున్నమును, కొంత సోడాయు దానితో కలిసియున్నవి. ఈ క్షారపదార్థములు సిలికాతో చేరినప్పుడు అది చాల తక్కువ వేడిమికే మెత్తబడి కరగును. గాజు చేయు వారు ఇసుకలో క్షారమును కలుపుటలోని రహస్య మిదియే. పెద్ద కుప్పగా పోసిన పేడ లోపలనుండి నెమ్మదిగా రాజుకొని, పైనున్న బూడిదయే కంబళియై వేడిమిని వెలికి పోనీయక, దినములతరబడి కుమిలినప్పుడు, దాని గర్భమున వేడిమి పెరిగి, బూడిద కరగి, అందుండి వెలువడు వాయువులకు బుసబుస పొంగి, చల్లారిన పిదప బుడగలతోనే బిగిసిపోవును. గానుగకడ పెనములో పొంగిన బెల్లపు పాకము ఉన్నపాటున గడ్డకట్టినచో నెట్లుండునో ఈ చిట్టెము విఱిచిన తావున అట్లే యుండును. కావున దిబ్బలో గాజుపొర కనబడిన చోట, అది నిప్పురవ్వ పడి యొక రాత్రి యంటుకొన్న దొడ్డి కాదనియు, పేడను గొప్ప కుప్పగా కూడబెట్టి కాల్చిన గుర్తనియు గ్రహింపవచ్చును. అన్ని పొరలును ఇట్లు కరగలేదు. కొన్ని పొరలు మెత్తని బూడిదయే; కొన్ని చోట్ల కాలని పేడపొరయే గట్టిపడి నిలిచియున్నది. మంట అప్పుడప్పుడు మాత్రమే వేయబడినదని దీనివలన తెలియుచున్నది.

ఒక దిబ్బ పెరుగుటకు ఎంత కాలము పట్టియుండును? ఖచ్చితముగా చెప్పుట కష్టమైనను కాగితముమీద నొక లెక్క వేసి చూడవచ్చును. ఒక దేశవాళీ పశువు దినమునకు పది కిలోల పేడ వేయునని యనుకొందము. పగలు బీళ్లలో మేయుచు సగము అక్కడనే విడిచిపోవును గనుక దొడ్డికి దక్కునది అయిదు కిలోలు. అందు నాలుగువంతులు నీరే. మిగిలిన యొక కిలో ఎండుపేడను కాల్చినచో అయిదవ వంతు, అనగా 200 గ్రాములు బూడిదగా మిగులు ననుకొందము. రెండువందల పశువుల మందకు రాత్రికి 40 కిలోలు, ఏడాదికి పదునాలుగున్నర టన్నులు. ఏడాది పొడుగునను మంద అచ్చటనే యున్నదనుకొన్నను, మూడువేల టన్నుల దిబ్బ లేచుటకు రెండువందల యేండ్లు కావలెను. వేసవిలో నీటికొఱకు వలసపోవు మంద యైనచో ఇంకను ఎక్కువ. ఈ అంకెలలో దేనిని కొంచెము మార్చినను ఫలితము మారును. అయినను తాత మొదలిడిన దిబ్బను మనుమని మనుమడును పెంచుచునే యుండెనన్న మాటకు మాత్రము భంగము రాదు. ఈ దిబ్బల నిర్మాణకాలము క్రీ.పూ. 3000 ప్రాంతమునుండి వేయియేండ్లకు పైగా సాగినది.

మన సీమలోనే ఈ చరిత్రకు కీలకమైన త్రవ్వకము జరిగినది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరను నొక చిన్న గ్రామము కలదు. ఆదిలాబాదు అడవులలోని ఉట్నూరు వేఱు, ఇది వేఱు. 1957లో ఫ్రాంక్ రేమండ్ ఆల్చిన్ అను ఆంగ్ల పురాతత్త్వవేత్త ఆ యూరి బూడిద దిబ్బను పొరపొరగా త్రవ్వించెను. ఆ త్రవ్వకపు నివేదికను 1961లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ప్రచురించినది. ఆ పిదప 1963లో దక్కను బూడిద దిబ్బలన్నిటిని చర్చించుచు ఆయన వ్రాసిన గ్రంథము కేంబ్రిడ్జినుండి వెలువడినది. ఉట్నూరు దిబ్బ యడుగున ఆయనకు దొరకినవి వరుసగా నున్న గుంజగుంటలు: మ్రాకులను నిలువుగా పాతి కట్టిన కంచె కాలిపోగా, ఆ మ్రాకులు నిలిచిన చోట్లు మాత్రము నేలలో గుండ్రని మచ్చలై మిగిలినవి. ఒక కంచెలోపల మఱియొక కంచె యుండెననియు, లోపలి యావరణములో పశువులను తోలి, రెండు కంచెల నడుమ మనుష్యులు నివసించిరనియు ఆల్చిన్ నిర్ణయించెను. ఆ కంచె కాలినది, దానిమీద మఱల కంచె కట్టినారు, అదియు కాలినది, ఇట్లు పలుమారులు. అన్నిటికంటె నన్ను ముగ్ధుని చేసినది వేఱొకటి. ఒక బూడిదపొర మీద, అది యింకను మెత్తగా తడిగా నున్నప్పుడు నడచిపోయిన పశువుల గిట్టల అచ్చులు, వాని చీలికతో సహా, చెక్కుచెదరక నిలిచియుండెను. ఒక పొర కాలినది, చల్లారినది, వాన పడినది, మంద మఱల ఆ బూడిదమీదికే మరలివచ్చినది: ఒక సంవత్సరపు కార్యక్రమ మంతయు ఆ గిట్టల అడుగులలోనే యున్నది.

కాల్చిన దెందులకు? ఇచ్చటనే పండితుల దారులు చీలినవి. ఆల్చిన్ ఈ మంటలను మన పండుగలతో పోల్చెను: సంక్రాంతి, హోళీ, దీపావళులలో పశువులను అలంకరించుట, మంటలు వేయుట, కొన్ని చోట్ల మందలను మంటల నడుమనుండి తోలుట మున్నగు ఆచారములు ఆనాటి పశుపాలకుల క్రతువులకు దూరపు వారసత్వ మేమో యని ఆయన ఊహ. భోగినాడు పిడకల దండలను మంటలో వేసిన యే తెలుగువానికైనను ఈ మాట తీయగానే యుండును. కాని తీయగా నున్నదన్న కారణమున దానిని నమ్మరాదు. ఉట్నూరు మంటకును మన భోగిమంటకును నడుమ నాలుగువేల యేండ్లున్నవి. ఆ నడుమ మతములు, భాషలు, ప్రజలు ఎన్నో మార్పులు చెందిరి. కాట్రగడ్డ పద్దయ్య గారు షోరాపురము సీమలోని బూదిహాళ్ అను చోట సాగించిన త్రవ్వకములు ఈ విషయమును నేలమీదికి దింపినవి. దిబ్బ ప్రక్కనే జనుల యిండ్లు, పశువులను కోసి మాంసము పంచుకొన్న తావు, కుండలలో పెట్టి పాతిన పసిబిడ్డల సమాధులు అచ్చట బయల్పడెను. అది కేవలము అడవిలో మంద నిలిపిన విడిది గాక, సంసారములు సాగిన గ్రామమే యని తేలినది. దొడ్డిలో కాలుమోపరానంతగా పేడ పెరిగినప్పుడు, ఈగలు, గోమారులు, వ్యాధులు ముసురుకొనక మునుపే దానిని ఒకచోటికి తోడి కాల్చివేయుట గృహస్థధర్మమే గదా యని వీరి పక్షము. 2004లో పీటర్ జోహాన్‌సెన్ అను పరిశోధకుడు వేఱొక ప్రశ్న లేవనెత్తెను: పారవేయుటయే ఉద్దేశమైనచో చేలలో చల్లుటకు వీలుగల దానిని తరతరములు ఒకేచోట, అల్లంత దూరమునుండి కానవచ్చునట్లు, ఎత్తుగా పేర్చవలసిన పని యేమి? కావున ఇవి తెలిసి నిలిపిన స్మారకములే యని ఆయన వాదము.

నా మట్టుకు ఈ రెండు పక్షములును ఒకే తప్పు చేయుచున్నట్లు తోచును: శుభ్రతను ఒక గదిలోను, క్రతువును వేఱొక గదిలోను పెట్టుట మన కాలపు అలవాటు. ముంగిట పేడనీళ్లు చల్లి ముగ్గు పెట్టు ఇల్లాలిని, ఇది శుభ్రతకా, మంగళమునకా యని యడిగినచో ఆమె మన ముఖమువంక చూచి తన పని తాను చేసికొనును. మంద ఎంత పెద్దదైన అంత గొప్పయైన సంఘములో, ఆ మంద విడిచిన దిబ్బ ఎంత యెత్తైన ఆ వంశమునకు అంత పేరు. కాల్చుట ఆరోగ్యమునకే కావచ్చును, ఆ మంటను పది యూళ్లవారు చూచుట మాత్రము ప్రతిష్ఠకే. ఈ వాదమును మన మెంత సాగించినను, దానిని తీర్చగలది పొరల వరుసయే. మంటలు ఏడాదికొక మాఱు నియమముగా పడినవా, లేక పేడ పేరుకొన్నప్పుడెల్ల పడినవా యన్నది ప్రతి పొరను విడదీసి చూచిన గాని తెలియదు.

ఈ జనులు తినినది పాలు, మాంసము మాత్రమే కాదు. వారి నివాసములలో దొరకిన మాడిన గింజలలో ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱలు ప్రధానములు. ఈ పంటలు దక్షిణాపథముననే సాగులోనికి వచ్చినవని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. రాయలసీమ రైతు నేటికిని ఉలవలను విడువలేదు.

ఇంతవఱకు మనము చూచిన కట్టడమునకు మూలవస్తువు ప్రపంచములోనెల్ల చౌకయైనది. అదే జనులు చేసిన పనిముట్లకు మూలవస్తువు మాత్రము ఏరి తెచ్చుకొన్నది. బళ్లారికి ఈశాన్యమున సంగనకల్లు, కప్పగల్లు గ్రామముల నడుమ గ్రానైటు గుట్ట లున్నవి. ఆ గుట్టలను నిలువుగా చీల్చుకొని నల్లని రాతిపట్టీలు కొన్ని వీపుమీది గీతలవలె సాగిపోవును. భూగర్భమునుండి కరగిన శిలాద్రవము పగుళ్లలోనికి ఎగదన్ని చల్లారగా ఏర్పడిన యీ శిలకు శాస్త్రజ్ఞులు డోలరైటు అని పేరిడిరి. జనులకు అది నల్లరాయి. దాని వయస్సు 200 కోట్ల సంవత్సరముల ప్రాంతము. అది చీల్చుకొని వచ్చిన గ్రానైటు అంతకంటెను ముసలిది. 1946 తరువాతి సంవత్సరములలో పూనా దక్కన్ కళాశాల విద్యార్థిగా బెండపూడి సుబ్బారావు గారు సంగనకల్లులో త్రవ్వకములు చేసి, 1948లో బళ్లారి రాతియుగ సంస్కృతులను గూర్చి గ్రంథము వెలువరించిరి. ఆ యేటికి ముందే, 1947లో, మార్టిమర్ వీలర్ చిత్రదుర్గము సీమలోని బ్రహ్మగిరిని త్రవ్వి, మెఱుగు రాతిగొడ్డళ్ల సంస్కృతికి దక్షిణ దేశపు చరిత్రలో స్థానము నిర్ణయించియుండెను.

గొడ్డలికి గ్రానైటు ఎందులకు పనికిరాదు? దాని స్ఫటికములు పెద్దవి. దెబ్బ తగిలిన చోట రెండు స్ఫటికముల అతుకు వీడిపోయి అంచు పొడియైపోవును. చెకుముకి జాతి రాళ్లు పదునుగా పెచ్చులూడును గాని చెట్టు మొదలును నఱకునప్పుడు పెళుసుదనముచే విఱుగును. డోలరైటు స్ఫటికములు సన్నవి. ఫెల్డ్‌స్పారు రేకులు పైరాక్సీను గింజలలోనికి దూసుకొనిపోయి ఒకదానినొకటి పెనవేసికొనియుండును. పగులు ఒక చోట పుట్టినను తిన్నగా సాగుటకు దారి దొరకదు. కొట్టగొట్ట దెబ్బ నోర్చుకొనగల రాయి యిది. ఈ గుణమును స్ఫటికశాస్త్రము చదువక, చేతిదెబ్బల అనుభవముచేతనే ఆ సీమవారు కనిపెట్టిరి.

ఆ గుట్టలలో నొకటియగు హిరేగుడ్డ మీద వీరి కార్ఖానా తునకలతో సహా నేటికిని చెదరక యున్నది. పట్టీనుండి విఱిగిన దిమ్మను గట్టి గుండుతో కొట్టి, పెద్ద పెచ్చులు తీసి, ముందుగా త్రికోణాకారమునకు తెచ్చెడివారు. ఒక్క తప్పు దెబ్బకు నడుమకు విఱిగిన దిమ్మలు అచ్చట కుప్పలుగా పడియున్నవి. ఆకారము కుదిరిన పిమ్మట పెచ్చుల గుఱుతులు మాయునట్లు సన్నని దెబ్బలతో పొడిచి పొడిచి చదును చేసెడివారు. ఇది ఓర్పుతో కూడిన పని. కడపట, గ్రానైటు బండమీద నీళ్లును ఇసుకయు పోసి గంటలకొలది అంచును నూఱెడివారు. గొడ్డలికి పనికిరాదని తోసిపుచ్చిన గ్రానైటు సానగా ఇట్లు అక్కఱకు వచ్చినది. దానిలోని క్వార్ట్జు నల్లరాతికంటె కఠినము గదా. నూఱిన తావున బండలు నున్నగా అరిగి, చేతితో నిమిరిన వేళ్లు జారునంత మెత్తని దొన్నెలుగా పల్లమువారినవి. ఇట్లు సిద్ధమైన గొడ్డలి అంచు వెడల్పుగా, వెనుకకొన సన్నగా, నడుమ ఉబ్బుగా నుండును. దానిని కఱ్ఱపిడిలో బిగించి చెట్లు కొట్టినారు. దిబ్బల చుట్టు కట్టిన కంచెలకు మ్రాకులను నఱకిన దిట్టి గొడ్డళ్లే.

ఆ గొడ్డళ్లు పొలము దున్నునప్పుడు నాగలికి తగిలి పైకి వచ్చినపుడు, మన గ్రామములలో వానిని పిడుగుతోపాటు ఆకాశమునుండి పడినవని యెంచి పిడుగురాళ్లనిరి. సేలము వైపున షెవరాయి కొండలలో ఇట్టివి వినాయకుని గుడులముందు పేర్చబడియుండుటను ఫుట్ గమనించి వ్రాసెను. నేల త్రవ్వుకొని వెదకవలసిన పురాతత్త్వవేత్తకు దేవుని యెదుట నొక ప్రదర్శనశాల సిద్ధముగా దొరకుట అరుదైన యదృష్టము. గొడ్డళ్లు ఏ పొరలోనుండి వచ్చినవో తెలియకుండుట ఆ యదృష్టములోని లోటు.

కప్పగల్లు గుట్టమీద నల్లరాతిని గూర్చి చెప్పవలసిన దింకొకటి యున్నది. 1892లో ఫాసెట్ అను నాతడు లోకమునకు తెలియజేసి, ఆ పిదప చిరకాలము మఱవబడి, 2000 తరువాత నికోల్ బోవిన్, రవి కొరిసెట్టర్ మున్నగువారి పరిశోధనములచే మఱల వెలుగులోనికి వచ్చిన అచ్చటి శిలాచిత్రములు డోలరైటు బండలమీదనే పొడువబడినవి. పొడవైన కొమ్ములును ఎత్తైన మూపురమును గల ఎద్దు లందు మిక్కిలిగా కనిపించును. వాని నడుమ కొన్ని బండలమీద చిన్న చిన్న గుంటలు పడియున్నవి. ఆ గుంటలో చిన్న గుండుతో కొట్టినచో బండ గంటవలె దీర్ఘముగా మ్రోగును. మ్రోగించుటకే వాని నుపయోగించిరని పరిశోధకులు తలచిరి. రాయి మ్రోగుటకు రెండు నియమములు కావలయును: లోపల పగుళ్లు లేక సన్నని స్ఫటికములు దట్టముగా బిగిసియుండుట యొకటి, బండ తన క్రిందనున్న రాళ్లమీద రెండు మూడు చోట్ల మాత్రమే ఆని నిలుచుట రెండవది. నేలలో సగము పాతుకొనిన బండ యెంత గొప్పదైనను మ్రోగదు; దాని కంపనమును మట్టియే మ్రింగివేయును. గొడ్డలికి పనికివచ్చిన గుణమే, పగులు పుట్టనీయని ఆ స్ఫటికముల బిగువే, ఇచ్చట నాదమునకును కారణమైనది.

సంగనకల్లులో సన్నరాచమ్మ గుట్టమీది త్రవ్వకములు కాలక్రమమును చక్కగా చూపును. అడుగున బూడిద దిబ్బ, క్రీ.పూ. రెండవ సహస్రాబ్ది తొలి శతాబ్దులలో అచ్చట మంటలు ఆగిపోయినవి. ఆ బూడిదమీదనే ఇండ్లు లేచి గ్రామము సాగినది. హిరేగుడ్డ గొడ్డళ్ల కార్ఖానా ముమ్మరమైనది అటుపిమ్మట, క్రీ.పూ. 1400 – 1200 నడుమ. దిబ్బలు పెంచుట మానిన జనులే గొడ్డళ్లను తమ యవసరమునకు మించి చేయసాగిరన్నమాట. అనగా వేఱు గ్రామములకు ఇచ్చి పుచ్చుకొనుటకు. సంఘములో గొప్పతనము మందనుండి చేతిపనికి కొంత జరిగినదని ఊహించుట తప్పు కాదు. ఆ తరువాత ఇనుము వచ్చినది. నాలుగు గంటలు నూఱి చేసిన అంచును కొలిమి ముందు కూర్చున్న వాడు ఓడించుటకు ఎక్కువ కాలము పట్టలేదు. 

నేడు ఈ దిబ్బల బూడిదకును, ఈ గుట్టల రాతికిని బజారులో వెల యున్నది. పొటాషును ఫాస్ఫేటును గల దిబ్బల బూడిద చేలకు ఎరువుగా బండ్లకెక్కినది. కొన్ని దిబ్బలను బాటలు కోసివేసినవి. కప్పగల్లు గుట్టను గ్రానైటు క్వారీలు చుట్టుముట్టి, చెక్కిన బండలలో కొన్ని ఇదివఱకే పగిలిపోయినవి. కదలిన బండ మ్రోగుట మానును. ఎక్కడ ఆనియుండెనో తెలియనిదే దానిని మఱల నిలుపుట సాధ్యము కాదు. తోడుకొనిపోయిన బూడిదలో గడ్డి కణముల అచ్చులను సూక్ష్మదర్శిని యింకను చూపగలదు గాని, ఏ పొరపై నే పొర యుండెనో, రెండు మంటల నడుమ మంద ఎన్నాళ్లు నడచెనో చూపలేదు. పద్దయ్య గారికిని జోహాన్‌సెన్‌నకును నడుమ నున్న వివాదము తీరవలెనన్న, కదలని దిబ్బలు కొన్నియైన మిగిలియుండవలెను.